మృదంగం వేసిన ప్రశ్న

విశ్వవిద్యాలయాలు తమ గురించి చెప్పుకోవడానికి అచ్చువేసే పుస్తకాల్లో ఒక వరస కనిపిస్తుంది. ముందు పేజీల్లో ప్రయోగశాలలు, పేటెంట్లు, ప్రాజెక్టులకు వచ్చిన నిధులు ఉంటాయి. చివరి పేజీల్లో కచేరీ వేదిక, పట్టుబట్టలు, వార్షికోత్సవం. మొదటిది చదువు, రెండోది ఆటవిడుపు అన్నమాట. సంగీత శాఖ ఉన్నచోట కూడా అది సంప్రదాయాన్ని కాపాడుతుందని గౌరవిస్తారే కానీ, పక్క భవనంలోని భౌతికశాస్త్ర శాఖకు దానితో పని పడుతుందని ఎవరూ అనుకోరు. నిజానికి పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఉన్నచోట విజ్ఞానశాస్త్రానికి కొత్త ప్రశ్నలు దొరుకుతాయి. ప్రయోగశాలలో ఎంతకాలం కూర్చున్నా తట్టని ప్రశ్నలవి. ఇందుకు సాక్ష్యం దూరంగా వెతకనక్కర్లేదు, మృదంగం చాలు.

తీగను మీటితే మూలస్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో కంపించే ఉపస్వరాలు కూడా పుడతాయి. లెక్క ఇలా పూర్ణసంఖ్యల్లో కుదరడం వల్లే చెవికి అదంతా ఒకే శ్రుతిగా వినిపిస్తుంది. గుండ్రటి చట్రానికి సమంగా బిగించిన చర్మం సంగతి వేరు. దాని మూలస్వరాన్ని ఒకటి అనుకుంటే పైవి సుమారు 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర పడతాయి. ఒకదానికొకటి పొసగని ఈ గుంపు వల్ల మామూలు డ్రమ్ము మోతలో కచ్చితమైన శ్రుతి వినపడదు. గణితం తేల్చిన విషయం ఇది, అందులో తప్పులేదు. అయితే మన మార్దంగికుడు గాయకుడి షడ్జానికి మృదంగాన్ని శ్రుతి చేసుకునే కచేరీ మొదలుపెడతాడు. లెక్క ప్రకారం కుదరని పని రోజూ వేదిక మీద జరుగుతోందన్నమాట. ఈ పొంతనలేనితనాన్ని పట్టించుకున్న శాస్త్రవేత్త సి.వి.రామన్. తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు కావడంతో రామన్ చిన్ననాటి చదువు అక్కడే సాగింది. తండ్రి వయొలిన్ వాయించేవాడు, రామన్ భార్య లోకసుందరి వీణ వాయించేది. 1920లో కలకత్తా నుంచి రామన్, శివకాళి కుమార్ కలిసి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. రహస్యమంతా మృదంగం కుడివైపు చర్మం మధ్యలో ఉండే నల్లటి గుండ్రటి పూతలో ఉందని అది తేల్చింది.

ఆ పూత బరువు చర్మం కంపించే తీరును మార్చేస్తుంది. చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, వేళ్లతో అక్కడక్కడా తాకుతూ వాయిస్తే, కంపించని గీతల వెంట ఇసుక పోగుపడుతుంది. ఆ బొమ్మలను చూసి ఏ కంపనం ఏ స్వరాన్నిస్తుందో రామన్ విడదీశారు. 1934లో రాసిన వివరమైన పత్రంలో లెక్క పూర్తిగా కుదిరింది. మామూలు చర్మంలో తొమ్మిది దారులు పట్టి పోయే తొమ్మిది రకాల కంపనాలు, పూత వేసిన చర్మంలో ఐదు స్వరాలుగా సర్దుకుంటాయి. మొదటి రెండు స్వరాలకూ ఒక్కో కంపనం, మూడో నాలుగో స్వరాలకు రెండేసి, ఐదోదానికి మూడు. ఆ ఐదు స్వరాలూ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల వరసలో తీగ మాదిరిగానే నిలుస్తాయి. మార్దంగికుడి వేళ్లు ఎక్కడ ఆనుతాయి, అరచెయ్యి ఎప్పుడు లేస్తుంది అన్నది అలవాటు మాత్రమే కాదు, ఏ కంపనాన్ని ఉంచాలో దేన్ని అణచాలో ఎంచుకోవడం. తంబురా, వీణల మీద కూడా రామన్ ఇలాంటి పనే చేశారు. తీగను ఏ బిందువులో మీటితే ఆ బిందువు దగ్గర కదలిక లేని ఉపస్వరం పుట్టకూడదన్నది అప్పటికి స్థిరపడిన నియమం. మన వాద్యాల్లో తీగ, దాన్ని మోసే ఒంపు తిరిగిన గుర్రాన్ని తాకుతూ కదులుతుంది కాబట్టి ఆ ఉపస్వరం కూడా నిండుగా వినిపిస్తుంది. నియమానికి మినహాయింపు చూపించింది కచేరీ వాద్యమే.

రామన్‌కు సంగీత శాఖ ఏదీ సాయపడలేదు కదా, ప్రతిభ ఉన్నవాడు ఎక్కడున్నా కనిపెడతాడు అని ఒక అభ్యంతరం. సగం నిజమే. ధ్వనిశాస్త్రంలో పని మొదలుపెట్టిన రోజుల్లో ఆయన ఆర్థిక శాఖ ఉద్యోగి. పగలు కొలువు, మిగిలిన వేళల్లో బౌబజార్‌లోని ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాల. కానీ సంగీతం ఇంట్లోనే ఉండటం ఆయన అదృష్టం, అందరి ఇళ్లలోనూ ఉండదు. ఆ అదృష్టం లేనివారికి సంస్థ ఆ పని చెయ్యాలి. సరిగ్గా అదే కాలంలో, 1919లో, విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ గురువు. అదే ఊళ్లో మరో మహారాజా కళాశాలలో విజ్ఞాన పాఠాలు నడిచేవి. ఇటు ఇంత పెద్ద విద్వాంసులు, అటు ఇంత కొత్త ధ్వనిశాస్త్రం ఉన్న రోజుల్లో కూడా సంగీతాన్ని ఒక కళాశాలగా, శాస్త్రాన్ని మరో కళాశాలగా పెట్టడమే మనకు సహజమైన ఏర్పాటుగా తోచింది. ఆ అలవాటు నేటికీ పోలేదు.

పని కొనసాగినచోట ఏమైందో చూడండి. 1954లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బి.ఎస్.రామకృష్ణ, మన్‌మోహన్ సోంధి అనే ఇద్దరు మృదంగ చర్మాన్ని రెండు వేర్వేరు సాంద్రతలున్న పొరగా ఊహించి దాని గణితాన్ని రాశారు. సోంధి తర్వాత అమెరికాలో బెల్ ప్రయోగశాలలకు వెళ్లి, టెలిఫోనులో మన మాటే మనకు తిరిగి వినిపించకుండా అడ్డుకునే ప్రతిధ్వని నివారణ పద్ధతిని రూపొందించినవారిలో ఒకరయ్యారు. మృదంగం వల్లే అది సాధ్యమైందని అనడం అతిశయోక్తి. కంపనాల గణితంలో ఆయన తొలి పాఠాల్లో మృదంగం ఉందన్నది మాత్రం నిజం. రామకృష్ణ 1980లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

ఇప్పటిదాకా చెప్పినది శాస్త్రజ్ఞుడు వాద్యం దగ్గరికి వెళ్లిన కథ. సంగీతకారుడు యంత్రం దగ్గరికి వెళ్లిన కథ ఇంకా వింతగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ స్వరకర్త, తాళవాద్యకారుడు. ఇంజనీరింగ్ చదవలేదు. కంప్యూటరును వాద్యంగా వాడవచ్చని మాక్స్ మాథ్యూస్ రాసిన వ్యాసం చదివి, కృత్రిమ మేధ ప్రయోగశాలలోని పెద్ద కంప్యూటరు మీద పని మొదలుపెట్టాడు. 1967లో ఒక స్వరాన్ని కంపిత స్వరంగా ఊపుతూ, ఆ ఊపును వేగం పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక చెవికి ఊపు వినపడటం మానేసి కొత్త నాదగుణం వినిపించింది. గంట, ఇత్తడి బాకా లాంటి ధ్వనులను రెండే తరంగాలతో పుట్టించవచ్చని తేలింది. ఇందులోని గణితం రేడియో ఇంజనీర్లకు పాతదే. చెవితో విని, 'ఇది కావాలి' అనగలిగినవాడు కొత్తగా వచ్చాడు. ఆయన సంగీతజ్ఞుడు కాబట్టే వచ్చాడు. విశ్వవిద్యాలయం మాత్రం అప్పట్లో ఆయనకు శాశ్వత నియామకం నిరాకరించింది. యమహా సంస్థ ఆ పద్ధతిపై ఆసక్తి చూపాక తిరిగి పిలిపించుకుంది. 1983లో వచ్చిన డీఎక్స్7 కీబోర్డు ఆ పద్ధతి మీదే నడిచింది. పేటెంటు మీద విశ్వవిద్యాలయానికి రెండు కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చిందంటారు.

సంగీతం ఖర్చుతో కూడిన వ్యవహారమని గొణిగే పాలకమండళ్లకు ఈ అంకె వినిపించాలనిపిస్తుంది, కానీ అలా వాదించడం ప్రమాదం. ప్రతి సంగీత శాఖా పేటెంటు తేదు, తేనవసరం లేదు. అలాగే సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారాన్ని కూడా పక్కన పెట్టాలి. 1993లో 36 మంది విద్యార్థులు పది నిమిషాలు మొజార్ట్ వింటే ఒక రకం పరీక్షలో కొద్దిసేపు మెరుగయ్యారని 'నేచర్'లో వచ్చిన పత్రాన్ని పట్టుకుని అమెరికాలోని జార్జియా గవర్నరు 1998లో ప్రతి పసిపాపకూ సంగీత రికార్డు పంచుతానన్నాడు. తర్వాతి పరిశోధనల్లో ఆ ప్రభావం నిలబడలేదు. ఇలాంటి బలహీన వాదాలు గట్టి వాదాన్ని పాడుచేస్తాయి.

గట్టి అభ్యంతరం సంగీతజ్ఞుల వైపు నుంచి వస్తుంది. గమకాన్ని గ్రాఫులో పెడితే రసం చస్తుందని వారి భయం. 2011లో బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా మొదలుపెట్టిన ప్రాజెక్టు ఈ భయానికి ఒక జవాబు. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసినవాడే. కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలతో సహా ఐదు సంప్రదాయాలను కంప్యూటరుతో పరిశీలించిన ఈ పనిలో మద్రాసు ఐఐటీ కూడా పాలుపంచుకుంది. పాశ్చాత్య సంగీతం కోసం రాసిన ప్రోగ్రాములు ఇక్కడ మొదటి అడుగులోనే తడబడ్డాయి. మనకు షడ్జం ఫలానా చోట ఉండాలన్న నియమం లేదు, గాయని గొంతును బట్టి ఉంటుంది. కాబట్టి రాగం గుర్తించేముందు శ్రుతి ఎక్కడుందో యంత్రం కనుక్కోవాలి, అందుకు వెనకాల మోగే తంబురాయే ఆధారమైంది. స్వరాల సంగతీ అంతే. తోడి రాగంలో గాంధారాన్ని కొలిస్తే చదునైన గీత రాదు, అటూ ఇటూ ఊగే అల వస్తుంది. స్వరమంటే ఒక బిందువు అన్న ఊహే ఇక్కడ చెల్లదని కొలత ఒప్పుకుంది. రసం చచ్చిందనే కన్నా, గురువులు చెబుతూ వచ్చిన మాటకు కొలత తలవంచిందనడం సబబు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం మరొకటి ఉంది. మృదంగంపై ఆ నల్ల పూతను అన్నం ముద్దతో, ఇనుము కలిసిన రాతిపొడితో పొర తరవాత పొరగా రుద్ది నిలబెట్టింది శాస్త్రజ్ఞుడూ కాదు, విద్వాంసుడూ కాదు. తమిళనాట మృదంగాలు చేసే ఈ వృత్తిలో ఉన్నవారిలో దళితులు ఎక్కువమంది. వారి గురించి గాయకుడు టి.ఎం.కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకమే రాశాడు. వేదిక మీద వారి పేరుండదు, పరిశోధనా పత్రంలోనూ ఉండదు. విశ్వవిద్యాలయం ఇద్దరిని కలిపి మూడోవాడిని బయటే నిలబెడితే పాత అన్యాయానికే కొత్త చిరునామా దొరుకుతుంది. బొబ్బిలి వీణను తీసుకోండి. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఆ వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. పనస బదులు వేరే కలప వాడితే నాదం ఎక్కడ మారుతుంది, మైనం మీద 24 మెట్లను చెవితో సరిచూసి నిలబెట్టే చేతికి, యంత్రం కొలిచిన దూరానికి మధ్య తేడా ఎంత, ఆ తేడాను ఏ వైణికుడు గుర్తుపడతాడు? విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రమూ ఉంది, సంగీతమూ ఉంది, బొబ్బిలి దగ్గరే ఉంది. అలాంటి పని ఎవరైనా తలపెడితే, పత్రం మీద వీణ చేసినవారి పేరు ఎక్కడ రావాలన్నది మొదటి కొలత తీసేముందే మాట్లాడుకోవాలి.