విశాఖ గాలియు పసిపిల్లల పెరుగుదలయు

విశాఖపట్టణమున పాతనగరమునను, జ్ఞానాపురము మొదలగు రేవుచెంత పేటలలోను కాపురముండు సోదరీమణులకు నల్లధూళిని గూర్చి మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఉదయమున తుడిచిన గడప సాయంకాలమునకు మరల మసిబారును. ఇది మన పనిని పెంచుచున్నదని విసుగుకొనువారే గాని, బిడ్డ పెరుగుదలను తగ్గించునేమో యని తలంచువారు తక్కువ.

1933లో ఓడరేవును, 1957లో చమురుశుద్ధి కర్మాగారమును వెలసినవి. 1992లో ఉక్కు కర్మాగారము జాతికంకితమైనది. వీనివలన వేలకొలది కుటుంబములకు అన్నము దొరకినది. ఆ మాట మేము మరువలేదు. అయితే రేవుచుట్టునున్న పట్టణము కొండల నడుమ గిన్నెవలె నున్నది. చలికాలపు రాత్రులలో నేలనంటిన గాలి చల్లబడగా, పైనున్న వెచ్చనిగాలి మూతవలె కప్పును. పొగయు ధూళియు ఆ గిన్నెలోనే నిలిచి, ప్రొద్దెక్కి సముద్రపుగాలి వీచినగాని చెదరవు.

కంటికి కనబడు పొడి చాలవరకు ముక్కునందును గొంతునందును చిక్కుకొనును. బొగ్గు, డీజిలు, చెత్త కాలినప్పుడు పుట్టు సూక్ష్మరేణువులు వేరు. అవి వెండ్రుక మందములో ముప్పదవవంతైన నుండవు. ఊపిరితిత్తుల చివరి గదులదాక పోవును, నెత్తురునను కలియగలవు. పుట్టిననాటికి బిడ్డ ఊపిరితిత్తులు పూర్తిగా నేర్పడవు. గాలిగదులు బాల్యమున పెరుగుచునే యుండును. పైగా పసివాడు తన బరువునకు తగినట్లు చూచిన మనకన్న హెచ్చుగాలి పీల్చును. గర్భిణులు పీల్చు మురికిగాలికిని, శిశువులు తక్కువ బరువుతో పుట్టుటకును సంబంధము గలదని పలుదేశముల పరిశోధకులు కనుగొనిరి. అంగన్‌వాడీ త్రాసు బరువును చూపును గాని ఊపిరితిత్తి యెంత పెరిగినదో చూపజాలదు. కావుననే యీ నష్టము ఇంటివారి కంటబడదు.

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో బాలబాలికలను పదేండ్ల ప్రాయమునుండి పదునెనిమిదేండ్లదాక పరీక్షించి, మురికిగాలిగల యూళ్లవారి ఊపిరితిత్తులు తక్కువగా పెరిగినవని 2004లో ప్రకటించిరి. గాలి బాగుపడిన పిమ్మట అచటనే పెరిగిన పిల్లలకు ఊపిరితిత్తులు మెరుగుగా నెదిగినవని 2015లో తెలిపిరి. మాకీ రెండవ వార్తయే ముఖ్యముగా తోచినది.

ఊరు విడిచిపొమ్మని సలహా యిచ్చువారు క్రొత్తయింటి అద్దె యెవరిత్తురో చెప్పరు. ఉన్నచోటనే కొంత చేయవచ్చును. పొడిచీపురునకు మారు తడిగుడ్డతో తుడువుడు. చలికాలమున తెల్లవారుజామున పసివారిని వీథిలో నాడనీయక, ఎండ వచ్చిన పిదప పంపుడు. పెరటిలో ఆకులు, చెత్త కాల్పకుడు. చీరచెంగు ముఖమున కడ్డుపెట్టుట యీ రేణువుల నాపదు.

బొగ్గురాశులపై నీరు చల్లుట, వానిని కప్పియుంచుట, లారీలకు పట్టాలు కట్టుట మాత్రము మన చీపురునకు లోబడిన పనులు గావు. 2019లో కేంద్రప్రభుత్వ మారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు నగరములలో విశాఖయు నొకటి. సూక్ష్మరేణువులకు మనదేశము పెట్టిన వార్షికపు హద్దు ఘనమీటరునకు 40 మైక్రోగ్రాములు; ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో 5 మించరాదన్నది. మన పేటలో నెంతయున్నదని నగరపాలకసంస్థవారిని తల్లులు పదిమంది కలసి యడుగుట తప్పుగాదు. ఈలోపల బిడ్డకు దగ్గు వారములకొలది విడువకున్నను, రాత్రి పిల్లికూతలు వినబడినను వైద్యునకు చూపుడు. డొక్కలెగురుచున్నచో ఒక్కగడియయు జాగు సేయకుడు.