ఇంటి కంప్యూటర్‌కు ఎన్ని తాళాలు?



ఈ సంచికకు ప్రతి ఏటా నన్ను చదువుల గురించి రాయమంటారు. ఈసారి కంప్యూటర్ గురించి రాస్తానని నేనే అడిగాను. కారణం ఉంది. మీరిచ్చే జకాత్, సదఖా ఎవరెవరికి చేరాలో ఆ పేర్ల జాబితా కొన్నేళ్లుగా మా ఇంటి కంప్యూటర్‌లో ఉంటోంది. రెండేళ్ల క్రితం, రంజాన్‌కు పదిహేను రోజుల ముందు, ఆ జాబితా నా చేతుల మీదుగానే పోయింది.

జరిగింది దాచకుండా చెబుతాను. సహాయం కోసం దరఖాస్తులు కోరుతూ ఒక పోస్టరు తయారు చేద్దామని, ఫోటోలు దిద్దే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికితే దింపుకున్నాను. దొంగ కాపీ అని తెలుసు. దానితో పాటు వచ్చిన సూచనల్లో మొదటిదే, ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి, లేకపోతే ఇన్‌స్టాల్ కాదు’ అని. ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయండని పాతికేళ్లకు పైగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి, ఆ వాక్యం చదివి కూడా ఆగలేదు. ఆపేశాను. మగ్రిబ్ నమాజుకు వెళ్లి వచ్చేసరికి ఎక్సెల్ షీట్లు, స్కాన్ చేసిన ఆధార్ కాపీలు, ఫోటోలు అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోదు. ప్రతి ఫైలు పేరు చివరా తెలియని నాలుగు అక్షరాలు చేరాయి. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చీటీ: 980 డాలర్లు కట్టండి, మూడు రోజుల లోపలైతే సగమే.

దీన్ని ర్యాన్సమ్‌వేర్ అంటారు. మన ఫైళ్లను మనకే అర్థం కాని సంకేతాలుగా మార్చి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనే ప్రోగ్రాము ఇది. డబ్బు కట్టలేదు. కట్టినా చెవి ఇస్తారన్న నమ్మకం ఏముంది? ఇలాంటి తాళాల్లో కొన్నింటికి ఉచితంగా చెవులిచ్చే ‘నో మోర్ ర్యాన్సమ్’ అనే వెబ్‌సైటును యూరోపియన్ పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి 2016లో మొదలుపెట్టారు. అక్కడ వెతికాను. నా ఫైళ్లకు వేసిన తాళానికి చెవి దొరకలేదు.

మన కోశాధికారి హాజీ సాబ్‌కు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఇల్లు కదల్లేదు. చివరికి వెళ్లి చెబితే ఆయన లోపలి గదిలోంచి ఎర్ర అట్ట రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. “మాస్టర్ సాబ్, మీ మిషన్ మీద నమ్మకం లేక కాదు, అలవాటు పోక రాసుకున్నా” అన్నారు. పాత పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఆ ఏడాది కొత్తగా వచ్చిన దరఖాస్తులు మాత్రం కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేవు. ఉపవాసాలతో ఇల్లిల్లూ తిరిగి మళ్లీ వివరాలు రాసుకున్నాం. అయినా ముగ్గురికి పండగ దాటిన తర్వాతే సహాయం అందింది. పండగ ముందు రోజు వాళ్ల ఇళ్లలో ఎలా ఉండి ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

నాలాంటి మాస్టర్లకే ఇలా జరుగుతుందని అనుకోకండి. 2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టుకుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన దగ్గర చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లకు అది తగిలింది. తిరుపతిలో దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ ర్యాన్సమ్‌వేర్ దూరిన సందును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్నవాళ్ల కంప్యూటర్లు బతికాయి. ‘తర్వాత గుర్తుచేయి’ అని నొక్కుతూ పోయినవాళ్లు, మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసిన పాత విండోస్ వాడేవాళ్లు చిక్కుకున్నారు. దానికి ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌కు పడితే అదే పక్కదానికి పాకింది.

నా కథలో సందు నేనే తెరిచాను. వన్నాక్రైలో సందు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఒకదాన్ని ఆపే కాపలా రెండోదాన్ని ఆపలేదు. అందుకే కంప్యూటర్ భద్రతను పొరలు పొరలుగా పెట్టుకోమంటారు. మన చంద్రగిరి కోట చూసినవాళ్లకు ఇది కొత్త మాట కాదు. కందకం, దాని లోపల రాతి గోడ, వెనక కొండ. మూడూ మూడు రకాలు. కందకం పక్కన ఇంకో కందకం తవ్వితే కోట రెట్టింపు గట్టిదైపోదు.

మనలో చాలామంది చేసే పొరపాటు సరిగ్గా ఇదే. కంప్యూటర్ కొన్నప్పుడు అంగడివాళ్లు ఒక యాంటీవైరస్ వేసి ఇస్తారు, తర్వాత ఎవరో చెప్పారని ఇంకొకటి వేసుకుంటాం. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడిస్తే ఒకదాన్నొకటి అనుమానిస్తాయి, ప్రతి ఫైలునూ రెండుసార్లు చూస్తాయి, కంప్యూటర్ ఎద్దుల బండి అవుతుంది. అప్పుడు మనం విసుగొచ్చి రెండింటినీ ఆపేస్తాం.

విండోస్ 10, 11 ఉన్న ప్రతి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే యాంటీవైరస్ పుట్టుకతోనే ఉంటుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. మనం వేరే యాంటీవైరస్ వేస్తే ఇది తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కె7 వంటి కంపెనీలవి కొని వాడేవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. వద్దనను. అయితే ఏడాది చందా అయిపోయిన తర్వాత దాన్ని అలాగే వదిలేయకండి. చందా కట్టండి, లేదా దాన్ని పూర్తిగా తీసేసి డిఫెండర్ మళ్లీ పనిలోకి వచ్చిందో లేదో చూసుకోండి. గడువు తీరిన యాంటీవైరస్ జీతం లేని వాచ్‌మన్ లాంటిది. గేటు దగ్గర కుర్చీ కనిపిస్తుంది, మనిషి ఉండడు. చూసుకోవడం తేలిక. స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ అని కొడితే ఒక పేజీ వస్తుంది. అందులో ఆకుపచ్చ టిక్కులు ఉంటే బాగున్నట్టు. పసుపో ఎరుపో కనిపిస్తే అక్కడ ఏదో ఆగి ఉన్నట్టు.

ఆ పేజీలోనే మనలో చాలామంది ఎన్నడూ తెరవని తలుపు ఒకటుంది. ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లోకి వెళ్లి కిందికి జరిపితే ‘ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్’ కనిపిస్తుంది. దాని లోపల ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అనే మీట ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే, మన డాక్యుమెంట్లు, ఫోటోలు ఉన్న ఫోల్డర్లలో ఫైళ్లు మార్చడానికి నమ్మకమైన ప్రోగ్రాములకు మాత్రమే అనుమతి ఉంటుంది. ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాము చెయ్యి పెట్టబోతే ఆపి మనకు చెబుతుంది. ఒక్కోసారి మంచి ప్రోగ్రామును కూడా ఆపి విసిగిస్తుంది, అప్పుడు దాని పేరు అనుమతి జాబితాలో చేర్చాలి. ఇది డిఫెండర్ పనిచేస్తున్నప్పుడే పనిచేస్తుంది. వేరే యాంటీవైరస్ వేసుకుంటే ఈ మీట ఉపయోగం ఉండదు. కొనబోయే ముందు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. నా మటుకు నేను వేరేది కొనడం మానేసి, ఆ డబ్బు ఇంకో చోట పెట్టాను. అది చివర్లో చెబుతాను.

ఫైర్‌వాల్ గురించి పెద్దగా చెప్పేది లేదు. అది విండోస్‌లోనే ఉంది, ఆన్‌లోనే ఉంటుంది, ఎవరు చెప్పినా ఆపకండి. బస్టాండులో, హోటల్లో వైఫై వాడేటప్పుడు నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’గా పెట్టుకుంటే పక్కవాళ్ల కంప్యూటర్ల నుంచి మనది మరుగున ఉంటుంది. ఇంట్లో రౌటర్‌కు వచ్చిన పాత పాస్‌వర్డ్ మార్చుకోండి.

ఇంతకంటే ముఖ్యమైనది, పైసా ఖర్చు లేనిది, అయినా ఎవరూ చేయనిది ఇంకొకటుంది. మనందరం కంప్యూటర్‌ను అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే వాడతాం. అంటే బీరువా తాళాలన్నీ నడుముకు కట్టుకుని సంతకు వెళ్లినట్టు. మనం పొరపాటున తెరిచిన చెడ్డ ప్రోగ్రాముకు కూడా మన అధికారాలు చేతికి అందేంత దూరంలోనే ఉంటాయి. సెట్టింగ్స్‌లో ‘స్టాండర్డ్’ ఖాతా ఒకటి చేసుకుని రోజువారీ పనికి, పిల్లల పనికి అదే వాడండి. కొత్తది ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ అడగడమే ఒక కాపలా. మా ఇంట్లో ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంది. ఏం వేస్తున్నావు, ఎందుకు వేస్తున్నావు అని నన్ను అడిగి గానీ కొట్టదు. ఈ వయసులో ఈ పరీక్ష నాకు అవసరమే.

పెన్‌డ్రైవ్ సంగతి ఉపాధ్యాయులకు, జిరాక్స్ అంగళ్లకు వెళ్లే పిల్లలకు బాగా తెలుసు. ప్రింటు తీయించి ఇంటికి తెస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటాయి. వాటిని నొక్కకండి. పెన్‌డ్రైవ్ గుర్తు మీద కుడి మీట నొక్కి డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. అసలు ఫైళ్లు చాలాసార్లు లోపలే దాగి ఉంటాయి. భారత ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో ఇలాంటి చెత్తను తొలగించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అలాగే విండోస్‌లో ఫైలు పేరు చివరి అక్షరాలు దాగి ఉంటాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేసుకోండి. ‘రసీదు.పీడీఎఫ్’ అని కనిపించేది నిజానికి ‘రసీదు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అయితే అది కాగితం కాదు, ప్రోగ్రాము.

ఇక దాతలతో ప్రత్యేకంగా ఒక మాట. ఇంట్లో కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాతదాన్ని మన సొసైటీ ద్వారా చదువుకునే పిల్లలకు ఇస్తున్నారు. ఆ మేలు మరువలేం. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా, వస్తాయి. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంతకంటే పాతది ఇస్తే పారేయం. లినక్స్ మింట్, ఉబుంటు లాంటి ఉచిత వ్యవస్థ వేసి ఇస్తాం. పాఠాలు చూడటానికి, టైపు చేయడానికి, దరఖాస్తులు నింపడానికి అది చాలు, అప్‌డేట్లూ వస్తూ ఉంటాయి. మీరు చేయాల్సింది ఒకటే. ఇచ్చే ముందు ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపిక కూడా పెట్టి అంతా తుడిచేయండి. పోయినసారి వచ్చిన ఒక కంప్యూటర్‌లో ఇచ్చినవారి కుటుంబం మొత్తం పాన్ కార్డులు, ఇంటి దస్తావేజులు అలాగే ఉన్నాయి. మేమే తుడిచాం.

నేను మిగిల్చిన డబ్బు ఏం చేశానో చెప్పలేదు. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొన్నాను. పై పొరలన్నీ దాటి ఏదైనా లోపలికి వస్తే మిగిలేది కాపీ ఒక్కటే. ప్రతి శుక్రవారం జుమా తర్వాత జాబితాలు, దరఖాస్తులు ఒక డిస్కులోకి ఎక్కించి వెంటనే వైరు తీసేస్తాను. తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. మరుసటి శుక్రవారం రెండో డిస్కు. కాపీ చేశాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూస్తాను, తెరుచుకోని కాపీని కాపీ అనలేం కదా. పేదల ఆధార్ నంబర్లు, వితంతువుల బ్యాంకు వివరాలు అందులో ఉంటాయి, అది మనకు అప్పగించిన అమానత్. అందుకని డిస్కులకు పాస్‌వర్డ్ కూడా పెట్టాం. ఆ పాస్‌వర్డ్ కవరులో పెట్టి అధ్యక్షుల వారి దగ్గర ఉంచాం.

ఒక డిస్కు మా బీరువాలో ఉంది. రెండోది హాజీ సాబ్ ఇంట్లో, ఎర్ర అట్ట రిజిస్టరు పక్కన. ఆ రిజిస్టరు ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారు. ఈ ఏడాది కొత్త పేర్లు నేను కంప్యూటర్‌లో ఎక్కించే రోజునే ఆయన దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చదివి వినిపిస్తున్నాను.