ఘాట్ రోడ్డులో ఆలుమగలు, ఐదు కిలోల సంచి

విశాఖపట్నం నుంచి ఎస్.కోట దాకా భార్యాభర్తలిద్దరూ చెరో సైకిల్ మీద కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోవచ్చు. అరకు వెళ్లే ఘాట్ మొదలయ్యాక ఆ కబుర్లు సాగవు. కాసేపటికి ఒకరు మలుపు తిరిగి కనుమరుగవుతారు. "మీరు పదండి, నేను మెల్లగా వస్తా" అని రెండోవారు అంటారు. ఓపిక చాలక వెనకబడ్డారని చూసేవాళ్లు తేల్చేస్తారు. భౌతికశాస్త్రం మాత్రం వేరే సంగతి చెబుతుంది.

మైదానంలో గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు సైకిల్‌ను వెనక్కి లాగే బలంలో దాదాపు ముప్పాతిక గాలిదే. మిగతాది చాలావరకు టైర్లకూ రోడ్డుకూ మధ్య పుట్టేది. బలమున్న వ్యక్తి ముందు వెళ్తూ గాలిని చీలిస్తే, వెనకే అంటిపెట్టుకుని వచ్చేవారికి శ్రమ బాగా తగ్గుతుంది. ఇద్దరి బలంలో ఉన్న తేడా అక్కడ బయటపడదు.

ఘాట్‌లో వేగం పది కిలోమీటర్లకు పడిపోతుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ వేగంలో అది లెక్కలోకి రానంత స్వల్పం. ముందు వెళ్లే సైకిల్ వెనక దాక్కున్నా ప్రయోజనం ఉండదు. ఇక తేల్చేది ఒక్కటే: కాళ్లు ఇచ్చే శక్తిని మోయాల్సిన మొత్తం బరువుతో భాగిస్తే ఎంత వస్తుందన్నది.

ఒక జంటను ఊహించుకుందాం. అతను 70 కిలోలు, ఆమె 50 కిలోలు. ఒక్కో సైకిల్ 13 కిలోలు, దాని మీద సామాను 7 కిలోలు. అంటే అతని వైపు మొత్తం 90, ఆమె వైపు 70. వాలు ఐదు శాతం, అంటే వంద మీటర్లు ముందుకు వెళ్తే ఐదు మీటర్లు పైకి. అతను నిలకడగా 150 వాట్లు, ఆమె 100 వాట్లు ఇవ్వగలరనుకుంటే అతని వేగం గంటకు సుమారు 10.9 కిలోమీటర్లు, ఆమెది 9.4. గంటలో కిలోమీటరున్నర ఎడం. ఇప్పుడు ఆమె సామానులోంచి ఐదు కిలోల సంచి తీసి అతని క్యారియర్‌కు కట్టండి. అతని వేగం 10.4కు దిగుతుంది, ఆమెది 10.1కు పెరుగుతుంది. ఇద్దరూ మళ్లీ పక్కపక్కనే! నెలల తరబడి సాధన చేస్తే గానీ రాని ఫలితాన్ని ఒక తాడుముక్క సాధించి పెట్టింది. సామాను చెరిసగం పంచుకోవడమే న్యాయమనుకునే జంటలకు నేను మొదట చూపించేది ఈ లెక్కే.

రెండోది గేరు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న మామూలు సైకిల్ పెడల్ ఒక్క చుట్టు తిప్పితే ఐదు మీటర్ల పైచిలుకు వెళ్తుంది. ఈ వాలులో అతను దాన్ని తొక్కాలంటే చుట్టు పొడవునా సగటున 25 కిలోల బరువుతో పెడల్‌ను నొక్కుతూనే ఉండాలి. ముందు 26, వెనక 34 పళ్లున్న గేరులో చుట్టుకు 1.6 మీటర్లే వెళ్తుంది, నొక్కాల్సింది ఏడెనిమిది కిలోలే. చేసే పని మొత్తం మారదు, అది చిన్నచిన్న వాయిదాల్లో జరుగుతుంది, మోకాళ్లు బతికిపోతాయి. తొక్కుతూనే గేరు మార్చే ఇంత మేలైన పరికరాన్ని టూర్ డి ఫ్రాన్స్ పోటీ 1937 దాకా అనుమతించలేదంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా పైకి వెళ్లి దిగుతుంది. మొత్తం వెయ్యి మీటర్ల ఎక్కుడు, సంచి కలపకముందున్న 90 కిలోల బరువు అనుకుంటే అతను భూమ్యాకర్షణకు ఎదురుగా చేసే పని దాదాపు 880 కిలోజౌళ్లు. కండరాలు ఆహారశక్తిలో పావు వంతే పనిగా మార్చగలవు కనుక ఖర్చయ్యేది సుమారు 840 కిలోక్యాలరీలు, ఏడు పెద్ద అరటిపళ్లంత. మిగతా ముప్పావు వంతు వేడిగా మారుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ఒంటి మీద లీటరుకు పైగా చెమట ఆవిరి కావాలి. ఎక్కుడులో ఎదురుగాలి తగలదు, కొండ కిందేమో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది, చల్లబరచదు. కాబట్టి తెల్లవారకముందే ఘాట్ మొదలుపెట్టాలి, దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ ఉండాలి. కాస్త ఉప్పు కూడా పడాలి.

దిగుడులో బరువు పాత్ర తిరగబడుతుంది. బరువైన మనిషిని కిందికి లాగే బలం ఎక్కువ, గాలికి ఎదురయ్యే ఒడ్డూ పొడవూ మాత్రం ఆ మేరకు పెరగవు. అందువల్ల అతను ఆమెకన్నా వేగంగా జారిపోతాడు. ఎక్కేటప్పుడు కూడబెట్టిన శక్తిలో గాలీ టైర్లూ తీసుకోగా మిగిలినదంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. రిమ్‌ను పట్టే బ్రేకులను దారి పొడవునా నొక్కి ఉంచితే రిమ్ కాలిపోయేంత వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించుకుని, వదిలేయాలి. మధ్యలో రిమ్ చల్లారుతుంది.

ఆ వేడి బరువుతో పాటే పెరుగుతుంది. కనుక ఎక్కేటప్పుడు అతనికి కట్టిన ఐదు కిలోల సంచిని గాలికొండ దగ్గర కాఫీకి ఆగినప్పుడే తిరిగి ఆమె క్యారియర్‌కు మార్చాలి.