ఆకు తిప్పి చూస్తేనే ఇంటిపేరు తెలుస్తుంది

హోసూరు పక్కన ఒక తెలుగు మీడియం బడిలో నేను సైన్సు చెప్పే రోజుల్లో జరిగిన సంగతి ఇది. వరండాలో తొట్టెలో ఒక ఫెర్న్ మొక్క ఉండేది. ఎనిమిదో తరగతి పాప ఒకతి దానికి రోజూ నీళ్లు పోసేది. వానలు తగ్గాక ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్, మొక్కకి పురుగు పట్టింది" అంది. వెళ్లి చూశాను. ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు. పురుగు గుడ్లే అనుకుని, చుక్కలున్న ఆకులన్నీ కత్తిరించి పారేయమన్నాను. కత్తిరిస్తూనే ఆ పిల్ల అడిగింది: "పురుగు ఇంత వరసగా గుడ్లు పెడుతుందా సార్?" పెడుతుందన్నాను.

తప్పు చెప్పానని తెలియడానికి వారం పట్టింది. పాఠం కోసం పుస్తకం తెరిస్తే అందులో అదే ఆకు, అవే చుక్కలు. ఆ బొమ్మను నేను ఏటా నల్లబల్ల మీద గీసి, భాగాలు గుర్తించి, పిల్లల చేత గీయించినవాణ్ణే. బొమ్మ వచ్చు, మొక్క తెలియదు. మన బడుల్లో చాలామందికి టెరిడోఫైటా పాఠం ఇలాగే వస్తుంది, ఇలాగే పోతుంది.

ఆ చుక్కలు తెగులు కావు. ఫెర్న్‌కు పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. దాని సంతానమంతా ఆ చుక్కల్లోనే ఉంటుంది. ఒక్కో చుక్క సన్నని సంచుల గుంపు. ఆ సంచిని పుస్తకం సిద్ధబీజాశయం అంటుంది. గుంపును సోరస్ అంటుంది. మామూలు ఫెర్న్‌లలో ఒక్కో సంచిలో సాధారణంగా 64 సిద్ధబీజాలు ఉంటాయి. సంచి ఎండినప్పుడు దాని వీపు మీది వలయం వెనక్కి వంగి, ఒక్కసారిగా తిరిగి ముడుచుకుంటుంది. ఆ విసురుకు సిద్ధబీజాలు గాలిలోకి ఎగురుతాయి.

ఇక ఆ పాప అడిగిన 'వరస'. ఫెర్న్ కుటుంబాలను విడదీసే శాస్త్రం చాలావరకు ఆ వరస మీదే నిలబడింది.

ఇంటిపేర్ల కథ

మనవాళ్లు ఎన్ని తరాల కింద వచ్చి తమిళనాడులోనో కర్ణాటకలోనో స్థిరపడినా, సంబంధం మాట రాగానే ముందు అడిగేది ఇంటిపేరే. మొక్కలకూ ఇంటిపేర్లు ఉన్నాయి. చివర 'ఏసీ' అని వస్తే అది కుటుంబం పేరు: టెరిడేసీ, పాలీపోడియేసీ, మార్సీలియేసీ. ఈ ఒక్క గుర్తు చెబితే పిల్లలకు సగం భయం పోతుంది.

ఫెర్న్‌ల ఇంటిపేర్లు తేలడానికి చాలా కాలం పట్టింది. 1753లో లిన్నేయస్ మొక్కలన్నిటికీ జంటపేర్లు పెట్టినప్పుడు ఫెర్న్‌లను, నాచులను, శిలీంధ్రాలను కలిపి 'రహస్యంగా పెళ్లాడేవి' అనే అర్థం వచ్చే చివరి తరగతిలో పెట్టాడు. ఫెర్న్‌లు ఎలా పుడతాయో అప్పటికి ఎవరికీ తెలియదు. సిద్ధబీజం మొలిస్తే నేరుగా ఫెర్న్ రాదు. ముందు వేలిగోరంత కూడా లేని, హృదయాకారపు పచ్చటి రేకు వస్తుంది. స్త్రీ, పురుష కణాలు ఆ రేకు మీద పుట్టి, నీటి తడిలో కలిస్తేనే అసలు ఫెర్న్ మొలుస్తుంది. ఈ రెండు జీవితాల మార్పిడిని హాఫ్‌మైస్టర్ 1851లో వివరించాడు. ఫెర్న్‌లకు తడి నేల ఎందుకు కావాలో, వానాకాలంలోనే అవి ఎందుకు విజృంభిస్తాయో దీనితో అర్థమవుతుంది.

మన దక్షిణాది ఫెర్న్‌లను పద్ధతిగా బొమ్మలతో నమోదు చేసినవాడు బెడ్డోమ్. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా పనిచేస్తూ 1863లో దక్షిణ భారత ఫెర్న్‌ల మీద పుస్తకం తెచ్చాడు. నేడు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్న గంజాం, బళ్లారి, సేలం ఆ రోజుల్లో ఒకే రాజధాని కింద ఉండేవి.

అప్పట్లో చాలా ఫెర్న్‌లను పాలీపోడియేసీ అనే ఒకే పెద్ద కుటుంబంలో వేసేవారు. 1940లో చైనా శాస్త్రవేత్త చింగ్ దాన్ని 33 కుటుంబాలుగా విడగొట్టాడు. ఆ తర్వాత డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి. 2016లో 94 మంది శాస్త్రవేత్తలు కలిసి ఫెర్న్‌లను 11 క్రమాలు, 48 కుటుంబాలుగా సర్దారు. జాతులు సుమారు 10,500. ఈనాడు ఎక్కువమంది అనుసరిస్తున్న వర్గీకరణ ఇదే.

చుక్కలను చదవడం

నలభై ఎనిమిదీ బడి పిల్లలకు అక్కర్లేదు. మన చుట్టూ కనిపించే కొన్ని చాలు. ఆకు తిప్పి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చుక్కలు ఆకు అంచునా, నడుమనా? గుండ్రంగా ఉన్నాయా, గీతల్లా ఉన్నాయా? పైన మూత పొర ఉందా?

అంచు మడిచి దాచితే టెరిడేసీ. పాత బావి ఒరలో, సున్నపు గోడ పగులులో పొడవాటి చిన్నాకులతో పెరిగే టెరిస్ విట్టేటాను చూడండి. ఆకు అంచే కిందికి మడిచి సిద్ధబీజాశయాలను కప్పుతుంది. చీర అంచు మడిచి కుట్టినట్టు ఉంటుంది. నేలలోని ఆర్సెనిక్ విషాన్ని ఈ మొక్క తన ఆకుల్లోకి లాగేసుకుంటుందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. నల్లగా మెరిసే కాడల హంసపాది, కోటగోడల మీద చిన్న తాటాకు విసనకర్రలా ఉండే మయూరశిఖ కూడా ఈ ఇంటివే. మయూరశిఖ ఎండల్లో ముడుచుకుపోయి, వాన పడగానే మళ్లీ విచ్చుకుంటుంది. ఉప్పునీటి అంచున బతికే ఆక్రోస్టికమ్ కూడా ఇదే కుటుంబం. దాని పైచిన్నాకుల అడుగంతా సిద్ధబీజాశయాలు గోధుమరంగు మఖమల్ పరిచినట్టు కమ్మేస్తాయి. యానాం పిల్లలు మడ అడవికి వెళ్తే వెతకాల్సిన మొక్క ఇది.

మూత్రపిండం ఆకారపు పొర ఉంటే రెండు ఇళ్లు. తొట్టెల్లో పెంచే నెఫ్రోలెపిస్‌లో చిన్నాకు నడిమి ఈనెకు రెండువైపులా చుక్కలు వరుసగా ఉంటాయి. మొక్క మొదట్లోంచి సన్నని తీగలు పాకి కొత్త పిలకలు వేస్తాయి. ఇది నెఫ్రోలెపిడేసీ. మా బడి మొక్క ఇదే. కాలవ గట్ల మీద పెరిగే క్రిస్టెల్లాకూ అలాంటి పొరే ఉంటుంది. అయితే దాని ఆకు మీద భూతద్దంలో సూదుల్లాంటి నూగు కనిపిస్తుంది. అది థెలిప్టెరిడేసీ.

గీతలైతే ఆస్ప్లీనియేసీ. నర్సరీల్లో పక్షిగూడు ఫెర్న్ అని అమ్మే మొక్క ముదురాకు తిప్పితే, ఈనెల వెంట ఏటవాలుగా సన్నని గీతలు కనిపిస్తాయి.

గుండ్రని చుక్క ఉండి, మూత లేకపోతే పాలీపోడియేసీ. వీటిలో చాలావరకు చెట్ల కొమ్మల మీద, రాళ్ల మీద పెరుగుతాయి. డ్రైనేరియాకు రెండు రకాల ఆకులు. మొదట్లో ఉండే ఎండు డొప్పల్లాంటివి రాలిన ఆకులను, దుమ్మును పట్టి ఎరువు చేసుకుంటాయి. పైన ఉండే పచ్చటి ఆకులు సిద్ధబీజాలను మోస్తాయి.

రూపం చూసి మోసపోకండి

ఫెర్న్ అంటే ఈకలా చీలిన ఆకు అని పిల్లలు అనుకుంటారు. వరిమడిలో నాలుగు రేకుల ఆకుతో ఉండే మార్సీలియాను చూపిస్తే నమ్మరు. తమిళంలో ఆరైక్కీరై, ఒడియాలో సునుసునియా శాగ అంటూ కూర వండుకునేది ఇదే. లేతాకును చూపించండి. మురుకులా, కోస్తావాళ్ల మాటలో జంతికలా, చుట్ట చుట్టుకుని ఉంటుంది. దీన్నే పుస్తకం వలిత కిసలయ విన్యాసం అంటుంది. ఇది చాలా ఫెర్న్‌లకు ఉన్న లక్షణం. మార్సీలియాలో సిద్ధబీజాలు ఆకు అడుగున ఉండవు. కాడ మొదట్లో గింజలా గట్టిపడిన పెట్టెల్లో ఉంటాయి. అవి పెద్దవి, చిన్నవి అని రెండు రకాలు.

పశువుల దాణాకూ వరిమడికీ వాడే అజొల్లా కూడా ఫెర్నే. దాని ఆకుల్లో కాపురముండే నీలి ఆకుపచ్చ శైవలం గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. చెరువులను కమ్మేసే సాల్వీనియా దానికి దాయాది. రెండిటి ఇంటిపేరూ సాల్వీనియేసీ. ఒకటి రైతుకు మేలు చేస్తుంది, రెండోది చెరువుకు ఊపిరాడనివ్వదు.

పొదల మీద పాకే లైగోడియం ఇంకో వింత. మనం తీగ అనుకునేది అసలు కాండం కాదు. అదంతా ఒకే ఒక ఆకు, పెరుగుతూనే పోతుంది. ఇక వానాకాలపు గడ్డిలో ఒక్క పచ్చటి ఆకు, దాని మీద ఒక కంకి పైకి లేపే చిన్న మొక్క ఓఫియోగ్లాసమ్. అందులోని ఒక జాతికి కణంలో 1,200కు పైగా క్రోమోజోములు ఉంటాయి. మనిషికి 46. పశ్చిమ కనుమల్లో మనిషిని మించి చెట్టులా పెరిగే సయాథియా మరో కొస.

పుస్తకంలో నాలుగు, ఇప్పుడు రెండు

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక చిక్కు ఉంది. పదకొండో తరగతి పుస్తకం టెరిడోఫైటాను నాలుగుగా విడదీస్తుంది: సైలాప్సిడా, లైకాప్సిడా, స్ఫీనాప్సిడా, టీరాప్సిడా. 2001 నుంచి వచ్చిన డీఎన్ఏ ఆధారాలు మాత్రం వేరుగా చెబుతున్నాయి. ఆకులే లేనట్టుండే సైలోటమ్, కణుపుల కాడల ఈక్విసీటమ్ కూడా ఫెర్న్‌ల వంశంలోవే. లైకోపోడియం, సెలాజినెల్లాలది 40 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయిన వేరే వంశం. పుస్తకంలో ఒకే గూటిలో ఉన్నా ఫెర్న్‌కు లైకోపోడియం కంటే మామిడిచెట్టే దగ్గరి చుట్టం.

పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయించండి. మార్కులు పోకూడదు. దానితో పాటు, ఆ నాలుగు గూళ్లు చూపును బట్టి కట్టినవనీ, ఆధారం మారితే వర్గీకరణ మారుతుందనీ ఒక్క మాట చెప్పండి. శాస్త్రం ఎలా నడుస్తుందో పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

తెల్లకాగితం చాలు

తప్పు తెలిసిన మర్నాడు తరగతిలో ఒప్పుకున్నాను. ఆ పాపను పిలిచి, ఎరువు గుంటలో పారేసిన ఆకుల్లో ఒకటి తెమ్మన్నాను. తెల్లకాగితం మీద దులిపితే గోధుమరంగు పొడి రాలింది. భూతద్దం చేతులు మారింది. ఆ గంటలో నేను చెప్పింది తక్కువ, వాళ్లు అడిగింది ఎక్కువ.

మీరూ చేయవచ్చు. చుక్కలు ముదిరిన పచ్చి ఆకును అడుగువైపు కాగితానికి తగిలేలా పరిచి, పైన ఒక పుస్తకం పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచండి. చుక్కలు ఎలా ఉన్నాయో అదే వరసలో పొడి రాలుతుంది. ఆ పొడిని తడి ఇటుక ముక్క మీద చల్లి, గాజు గిన్నె బోర్లించి నీడలో ఉంచితే కొన్ని వారాలకు పచ్చటి రేకులు వస్తాయి. నిజంగా పురుగేనేమో అన్న అనుమానం వస్తే వరస చూడండి. పొలుసు పురుగు కాడ మీద, ఆకు పైన కూడా ఇష్టమొచ్చినట్టు అంటుకుని, గోటితో గీకితే ఊడివస్తుంది. సోరస్‌కు ఒక క్రమం ఉంటుంది. ఏ ఫెర్న్ అయినా గుర్తుపట్టలేనిది నోట్లో పెట్టుకోవద్దని మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి.

తెలుగులో చదివితే పదో తరగతి తర్వాత సైన్సులో వెనకబడతారేమోనన్న దిగులు మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఉంది. ఆ దిగులు ఉత్తది కాదు. సిద్ధబీజాశయం అనే మాట పై తరగతిలో మారిపోతుంది. కానీ టెరిడేసీ హోసూరులోనూ, బరంపురంలోనూ, షోలాపూరులోనూ టెరిడేసీయే. బావి ఒరలోని ఆకును తిప్పి, మడిచిన అంచును అమ్మభాషలో ఒకసారి అర్థం చేసుకున్న పిల్లకు రెండో భాషలో కొత్తగా నేర్చుకోవాల్సింది మాట ఒక్కటే.

ఆ తొట్టె మొక్క మళ్లీ ఆకులేసింది. చుక్కలు వచ్చినప్పుడు ముందుగా చూసింది ఆ పాపే. ఈసారి "పురుగు" అనలేదు. "సార్, రెండు వరసలు" అంది.