శబ్దవేధికి తావులేని వేట

దశరథ మహారాజు తన అవసానకాలమున కౌసల్యకు చెప్పుకొన్న కథను ఎరుగని విద్యార్థి మన పాఠశాలలలో ఉండడు. యువరాజుగా ఉన్న దినములలో ఆయన వర్షకాలపు రాత్రివేళ సరయూతీరమున వేటకై పొంచియుండెను. చీకటిలో నీటి చప్పుడు వినవచ్చెను. ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి, శబ్దమునే గురిగా గొని బాణము విడిచెను. ఆ చప్పుడు ఏనుగుది కాదు. అంధులైన తల్లిదండ్రులకై కడవలో నీరు ముంచుకొనుచున్న మునికుమారునిది. శబ్దవేధి యను విద్యను నేర్చితినన్న గర్వమే ఆ రాజునకు తుదకు పుత్రశోకమైనది.

ఈ కథను ఎన్నడును వినని ఒక దూరదేశమున ఇదే నీతి శాసనరూపమున వెలసియున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యపు మూలనున్న మెయిన్ రాష్ట్రమున 1988లో ఒక స్త్రీ తన ఇంటి పెరటిలో ఉండగా జింకల వేటకు వచ్చినవాని గుండుదెబ్బకు మరణించెను. ఆ దుఃఖమునుండి 1991లో ఒక చట్టము పుట్టినది. వివేకముగల వేటగాడు కేవలము శబ్దమును బట్టి గాని, కదలికను బట్టి గాని, ఏదో రంగు కనబడెనని గాని మృగమును నిర్ణయింపరాదనియు, దానిని స్పష్టముగా చూచి గుర్తించినపిమ్మటనే తుపాకి పేల్చవలెననియు ఆ చట్టము శాసించుచున్నది. ఇక మూస్ వంటి మృగములను రాత్రివేళ వేటాడుట అచట నేరమే. ఉత్తరారణ్యములలో వేటయాత్రకు బయలుదేరువాడు నేర్వవలసిన మొదటి పాఠమిదియే.

మెయిన్ రాష్ట్రపు భూభాగములో పదింట తొమ్మిది వంతులు అడవియే. సూదులవంటి ఆకులుగల స్ప్రూస్, ఫర్ వృక్షములును, తెల్లని బెరడుగల భూర్జవృక్షములును, శరత్కాలమున నిప్పువలె ఎర్రబారు మేపుల్ చెట్లును అచట కలసి పెరుగును. 5,267 అడుగుల ఎత్తున కటాడిన్ శిఖరము ఆ వనములపై నిలిచియుండును. ఉత్తరభాగమున సుమారు 35 లక్షల ఎకరముల అడవి అధికముగా కలప వర్తకుల సొంత భూమి. అయినను రుసుము చెల్లించి, ద్వారముకడ పేరు వ్రాయించుకొన్న వారెల్లరు లోనికి పోవచ్చును. కలప బండ్లు నడచు మట్టిదారులే అచటి రాజమార్గములు. అంగళ్లు లేవు, వైద్యుడు దొరకడు, పెక్కుచోట్ల టెలిఫోను పలుకదు. కనుక అచటికి పోవువాడు తనకు కావలసినదంతయు తానే ఆలోచించుకొని తీసికొనిపోవలెను.

అతడు కోరి పోవునది రెండు విధములైన వేట. ఒకటి పెద్ద మృగముది. రెండవది మెట్టనేల పక్షులది. నీటిపక్షులైన బాతులవలె గాక పొదలలోను, అడవి అంచులలోను తిరుగు పక్షులను అచటివారు మెట్టపక్షులందురు.

పెద్ద మృగము మూస్. జింకల కులములో ఇంతటి దేహము మరి దేనికిని లేదు. భుజముకడ ఆరడుగుల ఎత్తు, వేయి పౌనుల బరువుగల మగమూసులు అరుదు కావు. అరచేతివలె విప్పారిన దాని కొమ్ములు ప్రతి శీతకాలమునను రాలిపోయి మరల మొలచును. వేసవిలో అది చెరువులలో దిగి నీటిమొక్కలను మేయును. చలికాలమున లేత కొమ్మలతో కాలము గడపును. మూస్ అను పేరే అచటి ఆదివాసుల భాషనుండి వచ్చినది.

పక్షులలో ముఖ్యమైనది రఫ్డ్ గ్రౌస్. మన కౌజుపిట్టకు ఇది దూరపు చుట్టము. మగపక్షి పడిపోయిన మానుపై నిలిచి రెక్కలతో గాలిని మొదట మెల్లగా, పిదప అతివేగముగా కొట్టును. ఆ ధ్వని దూరమున మృదంగము వాయించినట్లుండును. శీతకాలము సమీపించగనే దాని కాలివ్రేళ్లకు దువ్వెనపండ్లవంటి చిన్న పొలుసులు మొలచి, మంచుపై నడచుటకు తోడ్పడును. మిక్కిలి చలిరాత్రులలో అది మెత్తని మంచులో దూరి, దానినే దుప్పటిగా చేసికొని నిద్రించును. రెండవ పక్షి వుడ్‌కాక్. ఇది మన ఉల్లంకిపిట్ట కులమునకు చెందినది. పొడవైన ముక్కును తడినేలలో గ్రుచ్చి వానపాములను తినును. నేల గడ్డకట్టకమునుపే దక్షిణమునకు వలసపోవును. ఆకులు రాలి, అడవిలో చూపు సాగు అక్టోబరు మాసము ఈ పక్షుల వేటకు తగిన కాలము.

అయితే ఈ యాత్రకు సన్నాహము వేసవి రాకమునుపే ఆరంభమగును. మూస్‌ను వేటాడ గోరువాడు ముందుగా ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. జూన్ మాసమున చీట్లు తీయుదురు. పదులవేల మంది కోరగా, ఇటీవలి సంవత్సరములలో సుమారు నాలుగువేల మందికే అనుమతి లభించుచున్నది. ఇరువది ఏండ్లు వరుసగా చీటి వేసియు పేరు రానివారు ఉన్నారు. పేరు వచ్చినవానికిని పూర్తి స్వేచ్ఛ లేదు. ఏ మండలమున, ఏ వారమున, మగదానినా ఆడదానినా అన్నది ఆ చీటిలోనే వ్రాసియుండును. ఒక అనుమతికి ఒక్క మృగమే. పక్షులకును లెక్క కలదు: దినమునకు గ్రౌస్ నాలుగు, వుడ్‌కాక్ మూడు మించరాదు. ఆదివారమున వేట లేదు. 19వ శతాబ్దమునుండి వచ్చుచున్న ఈ నిషేధమును 2024లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము సమర్థించెను.

అటుపిమ్మట తోడు చూచుకొనవలెను. అడవి తెలియనివాడు మార్గదర్శకుని కుదుర్చుకొనును. మెయిన్‌లో మార్గదర్శకుల వృత్తికి ప్రభుత్వపు అనుమతిపత్రము ఉండవలెనని 1897లోనే చట్టము చేసిరి. ఆ మొదటి పత్రమును పొందినది పురుషుడు కాదు. కార్నీలియా క్రాస్బీ యను స్త్రీ. బ్యాంకులో పనిచేయుచు, ఆరోగ్యము చెడి, అడవిగాలికై పోయిన ఆమె చేపలు పట్టుటలోను వేటలోను ప్రవీణురాలై, పత్రికలలో వ్యాసములు వ్రాసి ఆ వనములకు కీర్తి తెచ్చెను.

పక్షులవేటకు మార్గదర్శకునికన్న కుక్క ముఖ్యము. శిక్షణపొందిన కుక్క వాసన పసిగట్టి, పక్షి దాగిన పొదవైపు మోము నిలిపి కదలక నిలుచును. కొట్టిన పక్షిని వెదకి తెచ్చుటయు దాని పనియే. గాయపడిన పక్షిని పొదలో విడిచిపోవుట అచట సిగ్గుమాలిన పనిగా ఎంచబడును. తుపాకులును రెండు కావలెను: మూస్‌కు ఒంటిగుండు రైఫిల్, పక్షులకు రవ్వలు చిమ్ము తుపాకి. పటము, దిక్సూచి, అగ్గిపెట్టె, తడిసినపుడు మార్చుకొన ఉన్నిబట్టలు, వీటిలో ఏది మరచినను ప్రాణాపాయమే. పైన ధరించునది మెరయు నారింజరంగు వస్త్రము. ఆ రంగు జింకజాతుల కన్నులకు మనకువలె గోచరింపదు; సాటి మనుష్యునికి మాత్రము దూరమునుండియే కనబడును.

కొత్తవారు మరచు విషయము మరొకటి కలదు. మూస్ నేలకొరిగిన తరువాతనే అసలు పని మొదలగును. దానిని ఇద్దరు మనుష్యులు కదల్పలేరు. సెప్టెంబరు తుదిని పగటి వెచ్చదనము ఉన్నచో కొన్ని గంటలలోనే మాంసము చెడును. కనుక త్రాళ్లు, కత్తులు, మంచుగడ్డలు, బండి, మాంసమును కోసి నిలువచేయు వాని చిరునామా, ఇవన్నియు ముందుగానే సిద్ధపరచవలెను. దారికి మైలు దూరమున బురదలో నిలిచిన మూస్‌ను చూచి, తెచ్చుకొన దారిలేదని తుపాకి దించినవాడే అచట నిజమైన వేటగాడు. కొట్టిన మృగమును నమోదు కేంద్రమునకు తీసికొనిపోవుట విధి. జీవశాస్త్రవేత్తలు పంటిని తీసి దాని వయస్సును కనుగొందురు. ఆ లెక్కలనుబట్టియే మరుసటి సంవత్సరపు అనుమతులు నిర్ణయమగును.

ఇన్ని కట్టుబాట్లు ఊరక రాలేదు. ఒకప్పుడు ఆకాశమును కప్పి ఎగిరిన ప్రయాణపు పావురముల జాతిలో కడపటిది 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుశాలలో మరణించెను. మెయిన్ అడవులలోని కారిబూ అను జింకలు 20వ శతాబ్దపు తొలి ఏండ్లలోనే మాయమైనవి. 1960లలో ఒకసారి, 1980ల చివర మరొకసారి వానిని తెచ్చి విడిచినను నిలువలేదు. మూస్‌లును క్షీణించుటచే 1930ల నడుమనుండి 1979 వరకు వాని వేటను పూర్తిగా ఆపవలసివచ్చెను. 1980లో 700 అనుమతులతో మరల ఆరంభించిరి. వేట అసలు ఉండవలెనా వలదా యను ప్రశ్న 1983లో ప్రజల ఓటుకు రాగా, ఉండవలెననియే వారు తీర్పుచెప్పిరి. దేశమంతటికిని 1937లో పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టము వచ్చినది. తుపాకులమీదను, తూటాలమీదను వసూలగు పన్నును వన్యప్రాణుల రక్షణకే వినియోగించు ఏర్పాటది. కొట్టువాడే కాపాడుటకు ఖర్చు పెట్టుకొనుచున్నాడన్నమాట.

చట్టము వేటగాని చేతిని అదుపుచేయగలదు, మనస్సును సమాధానపరచగలదా? ఈ ప్రశ్నను ఆ అడవులలోనే అడిగినవాడు హెన్రీ డేవిడ్ థోరో. 1853లో ఆయన మిత్రునితో కూడి, పెనాబ్‌స్కాట్ జాతివాడైన జో ఐటియన్ మార్గదర్శకుడుగా, మూస్‌వేటను చూడబోయెను. భూర్జపత్రముతో చేసిన బూరనూది ఆడమూస్‌వలె అరచి మగదానిని పిలుచు విధమును చూచెను. మూస్ చచ్చుటయు, దాని చర్మము ఒలుచుటయు కన్నులార చూచిన పిమ్మట ఆయనకు యాత్రలోని ఆనందము చెడినది. ఆకలికై చంపుట ఒకటి. చంపుటలోని సంతోషమునకై చంపుట వేరొకటియని ఆయన తలపోసెను. మెయిన్ అడవులనుగూర్చిన ఆయన గ్రంథము, ఆయన మరణానంతరము 1864లో వెలువడినది, ఈ సంఘర్షణను దాచక తెలుపును. అయినను ఆ మాంసమే చలికాలపు ఆహారముగాగల కుటుంబములు ఆనాడును ఉండెను, నేడును ఉన్నవి. వారి ముందు ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు.

ఇపుడు మూస్‌కు తుపాకికన్న చిన్న శత్రువు దాపురించినది. అది శీతకాలపు పిడుదు. శరత్కాలమున మొక్కలమీద గుంపులుగా వ్రేలాడుచు, ప్రక్కగా పోవు మూస్‌ను పట్టుకొనును. ఒక్క దూడపై పదులవేల పిడుదులు చేరి నెత్తురు త్రాగగా, వసంతము వచ్చునప్పటికి అది ఎముకల గూడై కూలును. పూర్వము ముందుగా కురియు మంచు వీనిని అణచివేసెడిది. నేడు శరత్తు వెచ్చగా సాగుటచే వీనికి దినములు కలసివచ్చినవి. కొన్ని సంవత్సరములలో శాస్త్రజ్ఞులు పరిశీలించిన దూడలలో అధికభాగము మరణించినవి. మూస్‌ల సంఖ్య తగ్గినచో పిడుదులకు ఆశ్రయము తగ్గి, మిగిలినవి ఆరోగ్యముగా బ్రతుకునేమోయని పరీక్షించుటకు 2021లో ఉత్తరభాగమున ఒక ప్రాంతమున ఆడమూస్‌ల అనుమతులను హెచ్చించిరి. కాపాడుటకై చంపుట న్యాయమా యని కొందరు, చూచుచు ఊరకుండుట దయయా యని కొందరు వాదించుచున్నారు. వేటగాని చీటి వెనుక నేడు ఇంత బరువైన ప్రశ్న నిలిచియున్నది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటకు తలుపు మూసినది. అది మూసియుండుటయే మనకు మేలు. ఒకప్పుడు వేటగాండ్ర ఇష్టమైన గురియైన బట్టమేకపిట్ట నేడు దేశమంతటను వేళ్లపై లెక్కింపదగినంతగా మిగిలినది. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డిమైదానములలో దానిని కాపాడుటకై 1988లో అభయారణ్యము ఏర్పరచిరి. మనకు తుపాకి అక్కరలేదు. అయినను ఆ ఉత్తరదేశపు వేటగాడు సంవత్సరమంతయు చేయు సన్నాహములో తుపాకి పేల్చు క్షణము తప్ప మిగిలినదంతయు మన విద్యార్థులును నేర్వదగినదే. ఏ పక్షి ఏ ఋతువున ఎచట మేయును, గాలి ఎటు వీచును, ఆ అడుగుజాడ దేనిది, ఆ కూత ఎవరిది యని తెలిసికొనుటకు ఒక పుస్తకము, ఒక దుర్భిణి, ఓపికగల ఉపాధ్యాయుడు చాలును.

పొదలో ఏదో కదలినపుడు తుపాకి ఎత్తక, అది ఏదో స్పష్టముగా కనబడువరకు ఆగిన వేటగాండ్రు ప్రతి సంవత్సరము మెయిన్ అడవులనుండి వట్టిచేతులతో తిరిగివత్తురు. ఆ నల్లని నీడ మూస్‌యా, మనుష్యుడా యని వారికి ఎన్నటికి తెలియకపోవచ్చును. సరయూతీరమున ఆ రాత్రి దశరథుడు అట్లు ఒక్క క్షణము ఆగియున్నచో, కడవ నిండియుండెడిది; దాహముతో వేచియున్న వృద్ధులకు నీరు అందియుండెడిది.