జాగరూకతతో బండి నడుపుట

2022వ సంవత్సరమున మన దేశపు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. కావున ఉద్యోగధర్మముగా బండి నడుపువారికి, ఇతరుల పొరపాటును ముందుగా నూహించి తప్పించుకొను విద్య నేర్పవలెనని మేము తలంచుచున్నాము.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగును. అపాయమును చూచి బ్రేకు త్రొక్కునంతలోనే ఆ దూరము గడచిపోవును. వేగము రెట్టింపైనచో, బ్రేకు పడిన పిమ్మట బండి నిలుచుటకు నాలుగింతల దూరము కావలెను. అందుచేతనే ముందు బండికి మూడు సెకనుల యెడము విడువవలెను.

ఈ లెక్కలను ఆన్‌లైను పాఠము చక్కగా బోధించును. ఊరూర తిరుగు డ్రైవరు ఉన్నచోటనే సెల్‌ఫోనులో మరల మరల చూచుకొనవచ్చును. అయితే కాలికి, చేతికి అలవాటు రోడ్డుమీదనే కలుగును. యజమానులు పాఠమునకు పనివేళలలోనే తీరిక నొసగి, ఆ పిమ్మట డ్రైవరును తొందరపెట్టకుందురు గాక!