డబ్బాలోని కుక్క తిండి: దాని పరీక్ష

మన పల్లెలలో కుక్కకు వేరుగా వండిపెట్టు నాచారము లేదు. ఇంటివారు తినగా మిగిలిన యన్నము, కొంచెము మజ్జిగ, సంకటి ముద్ద, ఎప్పుడైన నొక యెముక, ఇవియే దాని గ్రాసము. తక్కినది వీథిలో తానే వెదకికొనును. అట్టి మీ యెదుట డబ్బాలో మూసి యమ్ము కుక్క తిండిని గూర్చి ప్రసంగించుట వింతగా దోచవచ్చును. కాని నేడు మీలో ననేకుల కుమారులును మనుమలును అమెరికాలో కాపురము లుండుటచే, అచ్చటి వంటయింటి బీరువాలో వరుసగా నిలిచియుండు నా డబ్బాలను మీరు చూచియే యుందురు. హైదరాబాదు, విజయవాడ అంగళ్లలోను ఇప్పుడవి దొరకుచున్నవి.

వీథిలో తిరుగు కుక్క యొకచోట తక్కువైనదానిని మఱియొకచోట పూరించుకొనును. ఇంటిలో గొలుసునకు కట్టుపడిన కుక్కకు ఆ యవకాశము లేదు. యజమాని యొకే డబ్బా తిండిని ఏండ్ల తరబడి పెట్టినచో, ఆ తిండిలోని లోపమంతయు దాని యొడలిలో చేరును. అందువలననే డబ్బాపైని వ్రాతను చదువ నేర్చుట యవసరమైనది.

ఈ వర్తకము కొత్తది కాదు. 1860 ప్రాంతమున జేమ్స్ స్ప్రాట్ అను అమెరికా దేశీయుడు లండను నగరమున కుక్కల బిస్కత్తులను అమ్మ నారంభించెను. 1922వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రమందలి రాక్‌ఫర్డు పట్టణమున గుర్రపు మాంసమును డబ్బాలలో నింపి కుక్కలకై యమ్మిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున తగరమునకు కరవు వచ్చి డబ్బాలు తగ్గినవి. ఎండు తిండి పెరిగినది. నేడు రెండును సాగుచున్నవి.

మొదట పేరును చూడుడు. అమెరికాలో పశుగ్రాసములను తనిఖీచేయు నధికారుల సంఘ మొకటి కలదు. దానిని ఆఫ్కో యందురు. అది మాదిరి నిబంధనలు వ్రాయగా రాష్ట్రములు పెక్కు వానిని చట్టములుగా గైకొన్నవి. వాని ప్రకారము ‘చికెన్ డాగ్ ఫుడ్’ అని యున్నచో, తయారీకై కలిపిన నీటిని తీసివేసి లెక్కింపగా నూటికి 95 పాళ్లు కోడిమాంసముండవలెను. ‘చికెన్ డిన్నర్’ అనగానే యది 25 పాళ్లకు దిగును. ‘విత్ చికెన్’ అన్నచో 3 పాళ్లు చాలును. ‘చికెన్ ఫ్లేవర్’ అన్నచో ఇంతయని కొలతయే లేదు. వాసన తెలిసిన చాలును. డబ్బాపై బొమ్మ మాత్రము నాలుగింటికిని ఒకే కోడి! ఒక్క చిన్న మాట చాటున నెంత మాంసము మాయమగునో చూచితిరా?

తరువాత పదార్థముల పట్టిక. ఏది యెక్కువ తూకముగా వేసిరో అది ముందు వ్రాయవలెననుట నియమము. ఇందును ఒక కిటుకు కలదు. పచ్చి మాంసములో నూటికి 70 పాళ్లకు మించియు నీరుండుటచే నది తూగి ముందు నిలుచును. ఒకే బఠాణీని బఠాణీ యనియు, బఠాణీ పిండి యనియు, బఠాణీ సారమనియు ముక్కలు చేసి వ్రాసినచో ఒక్కొక్కటి క్రిందికి దిగును. కూడిన నేది ముందుండునో మీరే గ్రహింపగలరు.

‘మీట్ బై-ప్రాడక్ట్స్’ అను మాటకు పట్టణములవారు వెఱతురు. అవి ఊపిరితిత్తులు, ప్లీహము, మూత్రపిండములు, కార్జము మొదలగునవి. వెండ్రుకలు, కొమ్ములు, పండ్లు, గిట్టలు వానిలో చేర్పరాదు. వేటను కోయించిన మన పల్లెవారు కార్జమును ముందుగా కోరుదురు గదా. దానిని హీనమనుట నాకు సమ్మతము కాదు. ఐనను ‘చికెన్ లివర్’ అని జంతువు పేరును అవయవము పేరును చెప్పిన పట్టికనే నేను మేలెంచుదును. మఱి, ముద్ద చిక్కబడుటకు ‘గ్వార్ గమ్’ అనునది వేయుదురు. అది మన గోరుచిక్కుడు గింజల జిగురే. రాజస్థానమునందు విశేషముగా పండును. ‘థయమిన్ మోనోనైట్రేట్’ అను భయంకర నామము బి1 విటమినుది. పూర్వము సర్కారు జిల్లాలలో మరబియ్యము తిన్నవారిని బెరిబెరి పీడించినది దీని లోపముననే. డబ్బాను మూసి ఆవిరిలో తీవ్రముగా కాచునప్పుడు ఈ విటమిను చాలవఱకు నశించును గావున, దానిని ముందుగానే యెక్కువ వేయుదురు.

ఇక అంకెలు. డబ్బాపై మాంసకృత్తులు 9 పాళ్లనియు, ఎండు తిండి సంచిపై 26 పాళ్లనియు నుండును. చూచినవారు సంచియే బలమైనదనుకొందురు. అది పొరపాటు. రాగి జావను సంకటితో తూకమునకు తూకము పోల్చుట వంటిది. డబ్బాలో 78 పాళ్లు తేమయైనచో, మిగిలిన సత్తువ 22 పాళ్లు. 9ని నూటితో హెచ్చించి 22చే భాగింపగా 41 వచ్చును. సంచిలో తేమ 10 పాళ్లే. 26ను నూటితో హెచ్చించి 90చే భాగింపగా 29 మాత్రమే. ఇట్లు నీటిని తీసి చూచినప్పుడు పెద్ద కుక్కకు కనీసము 18 పాళ్లును, పిల్లలకును చూడి కుక్కకును 22½ పాళ్లును మాంసకృత్తులుండవలెనని ఆఫ్కో విధించినది.

ఈ యంకెను గూడ గ్రుడ్డిగా నమ్మరాదని 2007వ సంవత్సరము నేర్పినది. మాంసకృత్తులను నేరుగా కొలువరు. 1883లో కెల్డాల్ అను డెన్మార్కు రసాయనవేత్త కనుగొన్న పద్ధతిని, పదార్థములోని నత్రజనిని కొలిచి 6¼చే హెచ్చింతురు. ఈ మర్మము తెలిసిన చీనా వర్తకులు కొందఱు గోధుమ సారములో మెలమిన్ అను రసాయనమును కలిపిరి. దానిలో మూడింట రెండు పాళ్లు నత్రజనియే. కావున ఒక సేరు మెలమిన్ పరీక్షలో నాలుగు సేర్ల మాంసకృత్తువలె కనబడును, బలమో సున్న. అది తోడి రసాయనముతో కలిసి మూత్రపిండములలో స్ఫటికములై పేరుకొనగా కుక్కలును పిల్లులును చచ్చినవి. కోట్లకొలది డబ్బాలను అంగళ్లనుండి వెనుకకు తీసికొనిరి. మఱుసటి యేడు చీనాలో పసిబిడ్డల పాలపొడిలో ఇదే మోసము జరిగి ఆరుగురు శిశువులు మరణించిరి. పాలలో నీళ్లు కలిసినవో లేదో వేలితో చూచు మీకు ఈ మోసపు తీరు తెలియనిది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన వాక్యము డబ్బా వెనుక సన్నని యక్షరములలో నుండును. అది యే వయస్సు కుక్కకు సంపూర్ణాహారమో చెప్పును. ‘గ్రోత్’ అనియో ‘ఆల్ లైఫ్ స్టేజెస్’ అనియో యున్నచో పిల్లలకు పనికివచ్చును. ‘అడల్ట్ మెయింటెనెన్స్’ అన్నది పెరిగిన కుక్కకే. ‘ఇంటర్మిటెంట్ ఆర్ సప్లిమెంటల్ ఫీడింగ్ ఓన్లీ’ అని యున్నచో, అది అప్పుడప్పుడు నంజుకు పెట్టదగినదే గాని భోజనము కాదు. అట్టి డబ్బాలు కొన్నిటిలో మాంసము 95 పాళ్లును ఉండవచ్చును. పేరు చూచి మనము మెచ్చినవే అవి! మాంసములో భాస్వరము హెచ్చు, కాల్షియము మిక్కిలి తక్కువ. కుక్కపిల్లకు అదొక్కటే పెట్టినచో, దాని దేహము నెత్తురునకు కావలసిన కాల్షియమును ఎముకలనుండియే లాగుకొనును. కొన్ని వారములలో కాళ్లు వంగి, చిన్న గంతునకే యెముక విఱుగును. ప్రేమతో ఖరీదైన మాంసము పెట్టినవాని యింటనే ఈ కీడు మూడుట చూచితిరా! అట్లని సున్నపు మాత్రలు మీరు చేర్పవలదు. పెద్ద జాతి పిల్లలకు కాల్షియము హెచ్చినను ఎముకలు వంకరపోవును.

కొనునప్పుడు ఉబ్బిన డబ్బాను, అతుకు వద్ద సొట్టపడినదానిని విడువుడు. విప్పినదానిని చల్లని పెట్టెలో నుంచి రెండు మూడు దినములలో ముగింపవలెను. పాత తిండినుండి కొత్తదానికి ఒక్కసారిగా మార్చినచో విరేచనములు పట్టును. వారము దినములు కొంచెము కొంచెముగా కలుపుచు మార్పుడు. మనుమని యింటి కుక్క ఆ చప్పిడి ముద్దను తినుట చూచి జాలిపడి మీరు దానిపై పులుసు పోయవలదు. అందలి యుల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురులోని యెఱ్ఱకణములను చెఱచును.